బస్రాలో బస్తాలు, కూట్‌లో పస్తులు: మెసపొటేమియా యుద్ధంలో రేవు, నది, రైలు

క్లుప్తంగా: మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ఇండియా నుంచి మెసపొటేమియాకు, అంటే నేటి ఇరాక్‌కు, వెళ్ళిన సేనలో ఒక పెద్ద భాగం 1916 ఏప్రిల్ 29న కూట్ పట్టణంలో తుర్కులకు లొంగిపోయింది. ఆ తర్వాత పదకొండు నెలలు తిరగకముందే, అదే నది వెంట వెళ్ళిన సేన 1917 మార్చి 11న బాగ్దాద్‌లో అడుగుపెట్టింది. ఈ రెండు తేదీల మధ్య సైనికబలం పెరిగిన మాట నిజమే. దానికన్నా ఎక్కువగా మారినవి బస్రా రేవు, టైగ్రిస్ మీద తిరిగే స్టీమర్లు, నది పక్కన పడిన రైలు పట్టాలు, వీటన్నిటినీ ఒకే లెక్క కింద నడిపిన తీరు.

మనుషులున్నారు, సరుకుంది

కూట్ ముట్టడి గురించి చదివేవారికి ఒకచోట తికమక తప్పదు. 1916 మార్చి నాటికి కూట్‌లో చిక్కుబడిన సేన రోజువారీ తిండిలో కోత పెట్టుకుని, గుర్రాలను, కంచరగాడిదలను కోసుకు తింటోంది. అక్కడికి నదిమీద 300 మైళ్ళు కూడా లేని బస్రాలో అదే సమయంలో పది వేలమందికి పైగా సిపాయిలు, వారి ఫిరంగులు, రేవులో లంగరు వేసిన ఓడల నిండా సామగ్రి కదలకుండా పడి ఉన్నాయి. కూట్‌ను విడిపించడానికి పోరాడుతున్న దళాలు బలం చాలక దెబ్బ తింటుంటే, ఆ బలం కాస్తా వెనక రేవులో పడవ కోసం ఎదురుచూస్తోంది.

దీనిని సేనానుల తెలివితక్కువతనం కింద జమకట్టడం తేలిక. 1916లో నియమితమై 1917 జూన్‌లో నివేదిక వెలువరించిన మెసపొటేమియా విచారణ సంఘం కూడా సేనానులను, సిమ్లాలోని ప్రభుత్వాన్ని, లండన్‌లోని మంత్రులను తప్పుపట్టింది. ఆ దెబ్బకు భారత వ్యవహారాల మంత్రి ఆస్టిన్ ఛాంబర్లేన్ రాజీనామా చేశాడు. అయితే ఆ నివేదికలో వ్యక్తుల కంటే ఎక్కువగా తిరిగి తిరిగి వచ్చే విషయం ఒకటుంది, అది నదిమీది రవాణా కొరత. వైద్యం కుంటుపడినా, తిండి చాలకపోయినా, దాడి విఫలమైనా, కారణాలు తవ్వుకుంటూ పోతే చివరికి అక్కడికే చేరుతాయి.

రేవుపట్నమే గాని రేవు లేదు

1914 నవంబరు 6న భారత సేనకు చెందిన ఆరవ పూనా డివిజన్ దళాలు పర్షియా గల్ఫ్ కొసన ఫావ్ వద్ద దిగాయి. అబాదాన్‌లోని ఆంగ్లో-పర్షియన్ కంపెనీ చమురు శుద్ధి కేంద్రాన్ని, గొట్టపు మార్గాన్ని కాపాడటం, గల్ఫ్‌లో బ్రిటిష్ పలుకుబడిని నిలుపుకోవడం అప్పటికి పెట్టుకున్న లక్ష్యాలు. అదే నెలలో బస్రా చేతికొచ్చింది. అంతవరకే ఉద్దేశమైతే రవాణా పెద్ద సమస్య అయ్యేది కాదు.

బస్రా పేరుకు రేవుపట్నమే అయినా అప్పటికి అక్కడ సముద్రపు ఓడలు ఆనుకుని నిలిచే కట్టుడు గట్టు లేదు. టైగ్రిస్, యూఫ్రటీస్ కలిసిన తర్వాత ఏర్పడే షత్-అల్-అరబ్ నది మధ్యలో ఓడలు లంగరు వేసేవి. అక్కడినుంచి సరుకును చిన్న పడవల్లోకి దించి, ఆ పడవలను ఒడ్డుకు చేర్చి, కూలీలు బురదలోంచి మోసుకెళ్ళాలి. అంతకుముందు నది ముఖద్వారంలో ఇసుక మేట ఒకటి దాటాలి. లోతుగా మునిగే పెద్ద ఓడలు ఆ మేట మీదుగా రాలేక బయటనే ఆగి, బరువు కొంత వేరే ఓడల్లోకి దించుకోవాల్సి వచ్చేది. ఒడ్డున గిడ్డంగులు లేవు, రోడ్లు లేవు, పోటు వచ్చినప్పుడల్లా మునిగే ఖర్జూర తోటలున్నాయి. యుద్ధానికి ముందు ఖర్జూరం ఎగుమతికి ఆ ఏర్పాటు సరిపోయింది. వేలమంది సేనకు తిండి, మేత, మందుగుండు, గుడారాలు, బొగ్గు, ఆసుపత్రి మంచాలు దించాల్సి వచ్చేసరికి ఓడలు వారాల తరబడి క్యూ కట్టాయి.

ఓడ ఆగిపోతే నష్టం ఆ ఒక్క ఓడది కాదు. యుద్ధకాలంలో ప్రపంచమంతా ఓడల కొరత ఉన్నప్పుడు, బస్రాలో నెలరోజులు తేలియాడే ప్రతి ఓడా బొంబాయి, కరాచీ రేవుల్లో మరో సరుకు ఎక్కకుండా ఆపేసినట్టే. పైగా దించే క్రమం తలకిందులైతే ఇంకో తలనొప్పి. పైన బియ్యపు బస్తాలు, కింద వంతెన సామాను పెట్టిన ఓడలో ముందు కావలసింది వంతెన సామానే అయినా బియ్యం దించేదాకా అది చేతికి రాదు. ఒక పటాలం ఒక ఓడలో, దాని కంచరగాడిదలూ బండ్లూ మరో ఓడలో వచ్చిన సందర్భాలు అప్పట్లో మామూలు.

స్టీమర్ ఎన్ని టన్నులు మోస్తుందన్నది సగం లెక్కే

బస్రా నుంచి బాగ్దాద్ నదిమీద దాదాపు 500 మైళ్ళు, అంటే 800 కిలోమీటర్లు. నది పాములా మెలికలు తిరుగుతుంది కాబట్టి నేలమీది దూరం దీనికన్నా ఎంతో తక్కువ. అయితే నేలమీద రాతిరోడ్డు లేదు. వానపడితే ఒండ్రుమట్టి జిగటగా మారి బండి చక్రం అంగుళం కదలదు, వేసవిలో వరద వస్తే మైళ్ళకొద్దీ చిత్తడి. రోడ్డు లేదు, రైలు లేదు. మిగిలింది నది ఒక్కటే.

ఆ నదికి దాని సొంత పంచాంగం ఉంది. అనటోలియా, కుర్దిస్తాన్ కొండల మీది మంచు కరిగి మార్చి నుంచి మే దాకా వరద వస్తుంది. ఆగస్టు దాటితే నీరు తగ్గి, అక్టోబరు, నవంబరుల్లో మూడు నాలుగు అడుగులకు మించి మునిగే పడవ ఇసుకలో కూరుకుపోతుంది. వేసవిలో గోదావరి మీద లాంచీ నడిపిన సరంగులకు ఈ బాధ కొత్త కాదు. పాయ ఎటు మారిందో కర్ర గుచ్చి చూసుకుంటూ, మేట తగిలితే వెనక్కి లాగుకుంటూ పోవాలి. టైగ్రిస్ మీద ఇంకో చిక్కుంది. బస్రాకు ఎగువనున్న ఖుర్నా, అమారా పట్టణాల మధ్య, నదిలోంచి పంట కాలువలు నీటిని లాగేసుకోవడంతో కొన్ని మైళ్ళ పొడవునా అది ఇరుకు కాలువలా సన్నబడిపోతుంది. రెండు వైపులా బార్జీలను, అంటే చదునైన సరుకు పడవలను, కట్టుకున్న స్టీమర్ అక్కడ మలుపు తిరగాలంటే ఒక ఒడ్డుకు గుద్దుకుని, రెండో ఒడ్డుకు గుద్దుకుని తిరగడమే పద్ధతి. సైతాను మోచెయ్యి అని సిపాయిలు పేరుపెట్టిన మలుపు ఆ భాగంలోనే ఉంది. ఎదురుగా మరో స్టీమర్ వస్తే రెంటిలో ఒకటి ఒడ్డున కట్టేసుకుని ఆగాలి. ఒక బార్జీ అడ్డం తిరిగి ఇరుక్కుంటే మొత్తం మార్గం మూసుకుపోయినట్టే.

నదీ రవాణాను టన్నుల్లో కాక తిరుగు ప్రయాణాల్లో లెక్కించాల్సిన కారణం ఇదే. లెక్క కోసం ఒక స్టీమర్, దాని బార్జీలు కలిసి 300 టన్నులు మోస్తాయనుకుందాం. పోనూ రానూ 12 రోజులు, బస్రాలో ఎక్కించడానికి 3 రోజులు, అవతల దించడానికి 3 రోజులు పడితే, మొత్తం 18 రోజులకు 300 టన్నులు, రోజుకు సగటున 17 టన్నుల లోపు. ఎక్కించే దించే పనిని చెరొక రోజుకు కుదిస్తే ప్రయాణం 14 రోజులవుతుంది, రోజుకు సగటు 21 టన్నులు దాటుతుంది. ఒక్క కొత్త పడవ కొనకుండా, ఒక్క మైలు వేగం పెంచకుండా, కేవలం రెండు ఒడ్డుల మీదా కూలీలు, గట్టు, గిడ్డంగి ఏర్పాటు చేయడం వల్ల వచ్చిన లాభం పావువంతుకు పైనే. దీనికి వ్యతిరేక దిశలో అదే లెక్క ఇంకా క్రూరంగా పనిచేస్తుంది. సేన వంద మైళ్ళు ముందుకు జరిగితే ప్రయాణ దినాలు పెరిగి, ఉన్న పడవలన్నీ ఉన్నపళంగా చిన్నవైపోయినట్టు అవుతుంది.

దీనికి తోడు పడవ ఏమి మోయాలన్న పేచీ. మనుషుల్ని ఎక్కిస్తే తిండి ఆగుతుంది, తిండి ఎక్కిస్తే మనుషులు ఆగుతారు. గుర్రం రోజు మేత బరువు నలుగురైదుగురు సిపాయిల తిండి బరువుకు సమానం, పైగా గడ్డి చోటు కూడా ఎక్కువ ఆక్రమిస్తుంది. కాబట్టి ఒక ఆశ్వికదళాన్ని ముందుకు పంపడమంటే దాని వెంట ఎన్నో బార్జీలను శాశ్వతంగా రాసిచ్చేయడమే.

గెలిచిన కొద్దీ దూరమైన రేవు

1915 వేసవి గెలుపులు ఈ లెక్కను మరుగున పడేశాయి. మే 31న జనరల్ టౌన్‌షెండ్ సేన ఖుర్నా దగ్గర వరద నీటి మీద ‘బెల్లం’ అని పిలిచే వందలకొద్దీ స్థానిక పడవల్లో, గడకర్రలతో తోసుకుంటూ వెళ్ళి తుర్కుల లంక స్థావరాలను పట్టుకుంది. నాలుగో రోజుకల్లా అమారా లొంగిపోయింది. జులైలో యూఫ్రటీస్ మీది నాసిరియా, సెప్టెంబరు చివర్లో కూట్. ప్రతి విజయమూ బస్రాకు దూరాన్ని పెంచింది, పడవల సంఖ్య మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంది. నది నౌకలు చాలావరకు యుద్ధానికి ముందు లించ్ కంపెనీ వంటి వ్యాపార సంస్థలు నడిపిన తెడ్డుచక్రాల స్టీమర్లు, వాటికి తోడు మహైలాలనే తెరచాప పడవలు. గాలి అనుకూలించకపోతే మహైలాను ఎదురు ప్రవాహంలో మనుషులు ఒడ్డున నడుస్తూ తాళ్ళతో లాగాలి.

సేనాధిపతి జనరల్ నిక్సన్ 1915 జులైలో కొత్త నది స్టీమర్లు, టగ్గులు, బార్జీలు కావాలని కోరాడు. కోరిక సిమ్లాకు, అక్కడినుంచి లండన్‌కు, లండన్ నుంచి నౌకా నిర్మాణ సంస్థలకు చేరి, ఓడలు ముక్కలుగా తయారై, గల్ఫ్‌కు వచ్చి మళ్ళీ బిగించబడేసరికి ఏడాది దగ్గరపడింది. బస్రా నుంచి నాసిరియాకు రైలు మార్గం వేయాలన్న ప్రతిపాదనను ఖర్చు కారణంగా భారత ప్రభుత్వం అదే ఏడాది తిరస్కరించింది. ఇక్కడ నిక్సన్ బాధ్యత కూడా తక్కువేమీ కాదు. కావలసిన పడవలు రాలేదని తెలిసీ బాగ్దాద్ మీదికి నడవడానికి అభ్యంతరం లేదన్నవాడు ఆయనే. అక్టోబరు చివరి వారంలో అనుమతి వచ్చింది.

నవంబరు 22న బాగ్దాద్‌కు దగ్గరలోని టెసిఫాన్ వద్ద జరిగిన యుద్ధంలో టౌన్‌షెండ్ సేనకు 4,600 మంది దాకా నష్టం కలిగింది. గాయపడినవారికి సిద్ధం చేసుకున్న ఏర్పాటు అందులో చిన్న భాగానికే సరిపోతుంది. స్ప్రింగులు లేని, కంచరగాడిదలు లాగే సైనిక బండ్లలో, ఎముకలు విరిగినవారిని కూడా ఒకరి పక్కన ఒకరిని పడేసి, మైళ్ళ దూరంలో ఉన్న నది ఒడ్డుకు చేర్చారు. అక్కడినుంచి స్టీమర్లు బయలుదేరాయి. వాటిలో ఒకటైన మెజిదియా రెండు పక్కలా బార్జీలతో బస్రాకు వస్తుండగా వరేలా ఆసుపత్రి నౌక మీద ఉన్న మేజర్ కార్టర్ అనే వైద్యాధికారి చూశాడు. స్టీమర్ పక్కలనుంచి తాళ్ళు వేలాడుతున్నాయనుకున్నాడు. దగ్గరకు వచ్చాక అవి తాళ్ళు కావని, కదలలేని క్షతగాత్రుల మలం పక్కలమీదుగా జారి ఎండి గడ్డకట్టిందని తెలిసింది. పైకప్పు లేని డెక్ మీద వందలాది మంది వానలో, చలిలో రోజుల తరబడి పడి ఉన్నారు. సరుకు మోయడానికి ఎదురు వెళ్ళే పడవ తిరుగు ప్రయాణంలో రోగులను తెస్తుందన్న సిద్ధాంతం కాగితం మీద పొదుపుగా కనిపిస్తుంది. ఆ పడవలో పశువులు ప్రయాణించాయా, మంచాలున్నాయా, డాక్టరున్నాడా అన్నది కాగితం మీద కనిపించదు. ఈ సంగతి రాసిన కార్టర్‌కు పైఅధికారుల నుంచి మొదట దక్కినవి చీవాట్లే.

మద్రాసు ప్రెసిడెన్సీ, అంటే నేటి ఆంధ్ర జిల్లాలు కూడా అందులోవే, చందాలు పోగుచేసి సమకూర్చిన ‘మద్రాస్’ ఆసుపత్రి నౌక ఈ యుద్ధరంగం నుంచి క్షతగాత్రులను తరలించిన నౌకల్లో ఒకటి. అయితే అది సముద్రపు ఓడ. బస్రా దాకా వచ్చినవారికే అది అందుబాటు. కొరత బస్రాకు పైన, నదిమీద ఉంది.

ముట్టడిలో పట్టణం, ఇరుకులో మార్గం

డిసెంబరు 7న కూట్ ముట్టడి మొదలైంది. తిండి ఎన్ని రోజులకు సరిపోతుందో టౌన్‌షెండ్ మొదట పంపిన అంచనా, అసలు ఉన్నదానికన్నా బాగా తక్కువ. జనవరి చివర్లో ఊళ్ళోని ఇళ్ళు సోదా చేసి దాచిన ధాన్యం లెక్కలోకి తెచ్చాక, గుర్రాలను కూడా కలుపుకుంటే ఏప్రిల్ దాకా తట్టుకోవచ్చని తేలింది. ఈలోగా తొందరపడిన సహాయక సేన, చేరినవారిని చేరినట్టే యుద్ధంలోకి దింపింది. వేర్వేరు పటాలాలను అప్పటికప్పుడు కలిపిన బ్రిగేడ్లు, వెనక ఉండిపోయిన వైద్య దళాలు, సొంత బండ్లు లేని బెటాలియన్లు జనవరిలో కూట్‌కు దిగువన షేఖ్ సాద్ దగ్గర తుర్కుల కందకాల మీదికి వెళ్ళాయి. గిడ్డంగిలో ఎంతుందో సరిగా లెక్కపెట్టకపోవడం వల్ల మార్గం మీద ఎంత ఒత్తిడి పడుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. కూట్‌లోని సుమారు 13,000 మందిని విడిపించే ప్రయత్నంలో 23,000 మంది దాకా చనిపోయారు లేదా గాయపడ్డారు.

చివరి వారాల్లో విమానాలతో మూటలు విసిరారు. యుద్ధ చరిత్రలో ఇలాంటి ప్రయత్నాల్లో ఇది మొదటిదిగా చెబుతారు గాని, రోజూ కావలసిన దానిలో అది కొంత భాగాన్నే తీర్చింది. ఏప్రిల్ 24 రాత్రి జుల్నార్ అనే స్టీమర్ 270 టన్నుల సరుకుతో శత్రువుల మధ్యనుంచి దూసుకుపోవడానికి బయలుదేరింది. విమానాలు అన్ని రోజులూ విసిరినదానికి ఎన్నో రెట్లు ఆ ఒక్క పడవలో ఉంది. నదికి అడ్డంగా కట్టిన ఇనుప మోకుకు చిక్కుకుని, ఒడ్డుకు కొట్టుకుపోయి, కూట్ కొద్ది మైళ్ళ దూరంలో ఉండగా అది తుర్కుల చేతికి దొరికింది. ఐదు రోజులకు పట్టణం లొంగిపోయింది.

ఒక నదికి ఎందరు యజమానులు

1916 ఆరంభం దాకా ఈ యుద్ధాన్ని నడిపింది భారత ప్రభుత్వం. ఓడలు సముద్రంలో ఒకరి అధీనంలో, రేవులో మరొకరి అధీనంలో, నది నౌకలు రాయల్ ఇండియన్ మెరీన్ కింద, వాటిలో ఏమి ఎక్కాలన్న నిర్ణయం సైన్యంలోని వేర్వేరు శాఖల మధ్య. రంగూన్ రేవును నడిపిన అనుభవమున్న సర్ జార్జ్ బుకానన్‌ను బస్రా రేవును సరిదిద్దడానికి పంపితే, అక్కడి సైనికాధికారులు ఆయన పనిని పూడిక తీయడానికి, నది సంరక్షణకు కుదించేశారు. రేవు నిర్వహణ ఆయన చేతికి ఇవ్వలేదు. రేవును తెలిసినవాడు రేవు బయట, రేవును తెలియనివారు రేవు లోపల అన్నమాట.

1916 ఫిబ్రవరిలో యుద్ధ నిర్వహణ లండన్‌లోని యుద్ధ కార్యాలయానికి బదిలీ అయింది, జులైలో పరిపాలనా బాధ్యత కూడా వెళ్ళింది. ఆ ఏడాది సెప్టెంబరు నుంచి నది నౌకలు రాయల్ ఇంజనీర్ల కింద ఏర్పడిన దేశీయ జలరవాణా విభాగానికి చేరాయి. బస్రా ఎగువన మగిల్ వద్ద కట్టుడు గట్లు లేచాయి. సముద్రపు ఓడ నేరుగా గట్టును ఆనుకుంటే, దాని పక్కనే రైలు వ్యాగన్, దాని అవతల నది బార్జీ నిలబడే అమరిక అక్కడ కుదిరింది. మధ్యలో బురద, పడవ, తలమీద మోత అనే మూడు మెట్లు పోయాయి. ఇరుకు భాగంలో రైల్వే సిగ్నళ్ళ పద్ధతి వచ్చింది. అక్కడక్కడా కంట్రోల్ స్టేషన్లు పెట్టి, టెలిఫోన్ తీగ లాగి, ఒక చివరనుంచి పడవ బయలుదేరితే రెండో చివరకు తెలిసేలా చేసి, రాత్రిపూట నడవడానికి దీపాలు అమర్చారు. నది ఏమీ వెడల్పు కాలేదు. దాని మీద ఆగి గడిపే గంటలు తగ్గాయి.

పడవలు గంగా, బ్రహ్మపుత్రల నుంచి, ఇరావతి నుంచి, నైలు నది నుంచి కూడా వచ్చాయి. నది కోసం కట్టిన చదునైన అడుగు పడవను ఋతుపవన కాలంలో అరేబియా సముద్రం దాటించడం ప్రాణాలతో చెలగాటమే, చాలా పడవలు దారిలోనే మునిగిపోయాయి. యుద్ధం ముగిసేనాటికి ఆ విభాగం చేతిలో చిన్నా పెద్దా వెయ్యికి పైగా నౌకలుండేవి. స్థానికుల గుఫా కూడా సేనకు పనికొచ్చింది. వెదురు బదులు రెల్లుతో అల్లి తారు పూసిన ఈ గుండ్రని బుట్ట, కృష్ణా తుంగభద్రల మీద తిరిగే మన పుట్టికి దగ్గరి చుట్టం.

మనుషుల లెక్క కూడా చూడాలి. మెసపొటేమియాకు వెళ్ళిన భారతీయులు సుమారు 5.9 లక్షలు, వారిలో దాదాపు సగం తుపాకీ పట్టనివారు. కూలీలు, బండి తోలేవారు, సరంగులు, ఖలాసీలు, రైల్వే పనివారు, వంటవారు. భారత జైళ్ళ నుంచి శిక్ష తగ్గింపు ఆశ చూపి తెచ్చిన ఖైదీల దళాలు కూడా అందులో ఉన్నాయి. తెలుగువారు కూడా చేరే మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్ అనే సైనిక ఇంజనీరింగ్ దళపు కంపెనీలు వంతెనలు, రోడ్లు, గట్ల పనిలో ఉన్నాయి. ఈ సగం సంగతి యుద్ధ కథల్లో అరుదుగా కనిపిస్తుంది.

పట్టాలు ఎక్కడ వేశారన్నదే కీలకం

రైలు మార్గం అనగానే బస్రా నుంచి బాగ్దాద్ దాకా ఒకే గీత ఊహించుకుంటాం. యుద్ధకాలంలో అలాంటిది రాలేదు. నది బాగున్నచోట నదినే వాడుకుని, నది మొరాయించినచోట పట్టాలు వేశారు. ఖుర్నా–అమారా మార్గం ఇరుకు భాగాన్ని తప్పించడానికి. షేఖ్ సాద్ నుంచి ఎస్-సిన్ వైపు వేసిన రెండున్నర అడుగుల సన్న మార్గం, నదికి దూరంగా కుడి ఒడ్డున ఉన్న దళాలకు తిండి, నీరు, మందుగుండు చేర్చడానికి. బస్రా–నాసిరియా మీటర్ గేజి మార్గం 1916 చివర్లో పూర్తయింది. బాగ్దాద్ పడిన తర్వాత, 1917 వేసవిలో కూట్ నుంచి బాగ్దాద్‌కు సుమారు 105 మైళ్ళ మీటర్ గేజి మార్గం వేశారు. అదే దూరం నదిమీద రెట్టింపు. ఒక్క ఆ పట్టాలతోనే స్టీమర్లకు ప్రయాణంలో అతి మెలికలున్న భాగం తప్పింది, ఉన్న పడవలు అమారా–కూట్ మధ్య ఎక్కువసార్లు తిరగగలిగాయి.

పట్టాలు, స్లీపర్లు, ఇంజన్లు, వ్యాగన్లు చాలావరకు భారతదేశపు రైల్వేల నుంచి వెళ్ళాయి. మెసపొటేమియా, ఈజిప్టు, తూర్పు ఆఫ్రికా రంగాలన్నిటికీ కలిపి భారత్ పంపిన పట్టాలు 1,800 మైళ్ళకు పైగా, ఇంజన్లు 200కు పైగా. ఇక్కడ కొన్ని చిన్న మార్గాలను పీకి పంపారు కూడా. మీటర్ గేజి ఎంచుకోవడం వెనక సాంకేతిక కారణం కన్నా చేతికందే కారణమే బలమైనది: ఆ కొలతకు సరిపోయే సామగ్రి, దాన్ని నడిపే మనుషులు భారత్‌లో సిద్ధంగా ఉన్నారు.

గేజి మారినచోట ఏమవుతుందో రాయలసీమవారికి వివరించనక్కర్లేదు. గుంతకల్లులో బ్రాడ్ గేజి, మీటర్ గేజి పక్కపక్కన ఉన్న రోజుల్లో గూడ్సు సరుకును ఒక వ్యాగన్ నుంచి దించి ఇంకో వ్యాగన్‌లోకి ఎత్తాల్సి వచ్చేది. మెసపొటేమియాలో మూడు కొలతలు తగులుకున్నాయి. సన్న మార్గం, మీటర్ గేజి, వాటికి తోడు బాగ్దాద్ నుంచి ఉత్తరాన సమర్రా దాకా జర్మన్లు 1914 నాటికి వేసిన ప్రామాణిక గేజి. బస్రా ఓడలోంచి బయలుదేరిన ఒక బస్తా సమర్రా ముందు వరుసకు చేరేలోపు గట్టు, బార్జీ, మీటర్ గేజి వ్యాగన్, ప్రామాణిక గేజి వ్యాగన్, చివరికి కంచరగాడిద వీపు చూసేది. ప్రతి మార్పిడికీ కూలీలు, కాపలా, చిల్లు పడి రాలిన గింజలు, పొరపాటున వేరే గుట్టలోకి వెళ్ళిన పెట్టెలు.

అవతలి ఒడ్డు

తుర్కులకు ఒక సౌలభ్యం ఉంది, వాళ్ళు ప్రవాహం వెంట దిగుతారు. మోసుల్ నుంచి మేకతోలు తిత్తులు ఊది కట్టిన కెలెక్ తెప్పలు టైగ్రిస్ మీద, జరాబ్లుస్ నుంచి చెక్క పడవలు యూఫ్రటీస్ మీద కిందికి కొట్టుకొస్తాయి. అయితే తిత్తుల్లో గాలి తీసి, కర్రలు అమ్మి, తోళ్ళు జంతువుల మీద వెనక్కి పంపాల్సిందే, తెప్ప తిరిగి ఎక్కదు. ఇస్తాంబుల్ నుంచి వచ్చే రైలు టారస్ కొండల్లో తెగి ఉంది. ఆ సొరంగాల్లో ప్రామాణిక గేజి రైలు పూర్తిగా తిరగడం 1918 అక్టోబరు దాకా కుదరలేదు, అప్పటికి యుద్ధమే అయిపోవచ్చింది. అక్కడ తెగి, రాస్-అల్-ఐన్ దాటాక మళ్ళీ తెగి, సమర్రా దాకా వందల మైళ్ళు ఒంటెలు, బండ్లు. అంటే 1916లో కూట్ దగ్గర గెలిచిన సేన కూడా ఇదే జబ్బుతో బాధపడుతోంది, కాకపోతే ఆ ఏడాది దాని సంఖ్య, దాని అవసరం, దాని మార్గం ఒకదానికొకటి సరిపోయాయి. బ్రిటిష్ పక్షం మార్గాన్ని పెంచుకుంది, తుర్కులు పెంచుకోలేకపోయారు. తర్వాతి ఏడాది ఫలితంలో ఈ తేడాకు పెద్ద వాటానే ఉంది.

ఆగడం తెలిసిన సేనాని

1916 ఆగస్టులో బాధ్యత తీసుకున్న జనరల్ మాడ్ నెలల తరబడి యుద్ధం చేయలేదు. గుట్టలు పోగేశాడు, పడవలు లెక్కపెట్టాడు, జబ్బులు తగ్గేదాకా ఆగాడు. ఆ ఏడాది కూరగాయలు అందక భారత సిపాయిల్లో వేలమందికి స్కర్వీ సోకింది. అది వైద్యుల లోపం కన్నా పడవల్లో కూరగాయలకు చోటు లేకపోవడం వల్ల వచ్చిన రోగం. డిసెంబరులో దాడి మొదలైంది. 1917 ఫిబ్రవరి 23న షుమ్రాన్ మలుపు దగ్గర, వరదకు ఉబ్బిన టైగ్రిస్ మీద, కాల్పుల మధ్య తెడ్లు వేసుకుంటూ మొదటి దళాలు అవతలికి చేరాయి. సాయంత్రానికల్లా దాదాపు 300 గజాల పడవల వంతెన సిద్ధమైంది.

తుర్కులు పారిపోతున్నారు, నది ఫిరంగి పడవలు వెంటాడుతున్నాయి, బాగ్దాద్ అందేంత దూరంలో ఉంది. సరిగ్గా అప్పుడు మాడ్ అజీజియా దగ్గర సేనను దాదాపు వారంపాటు ఆపాడు. పదిహేను నెలల ముందు టౌన్‌షెండ్ సేన ఇదే దారిలో చాలినన్ని పడవలు లేకుండానే ముందుకు పోయిందని అందరికీ గుర్తుంది. ఆ వారంలో రేషన్ బార్జీలు పైకి వచ్చాయి, ఆసుపత్రి ఏర్పాట్లు దగ్గరకు జరిగాయి, నది మీద కంట్రోల్ స్టేషన్లు ముందుకు వెళ్ళాయి. మార్చి 5న సేన మళ్ళీ కదిలింది, ఆరు రోజులకు బాగ్దాద్ చేరింది.

మిగిలిపోయిన పట్టాలు

బస్రా, బాగ్దాద్‌లను నాసిరియా మీదుగా కలిపే మీటర్ గేజి మార్గం యుద్ధం ముగిశాక, 1920 ఆరంభంలో పూర్తయింది. మగిల్ గట్లు ఇరాక్ ప్రధాన రేవుగా కొనసాగాయి. సేన అవసరం కోసం, చేతికందిన సామగ్రితో, తొందరలో ఎంచుకున్న గేజి మాత్రం కొత్త దేశానికి వారసత్వంగా దక్కింది. బాగ్దాద్‌కు ఉత్తరాన జర్మన్ కొలత, దక్షిణాన భారతీయ కొలత. 1960లలో దక్షిణ మార్గానికి ప్రామాణిక గేజి పట్టాలు వచ్చేదాకా, బస్రా నుంచి మోసుల్‌కు వెళ్ళే ప్రతి బస్తానూ బాగ్దాద్‌లో ఒకసారి దించి ఎత్తాల్సిందే.